గుర్రం గుడ్డిదైనా దాణా తగ్గదు

ఇంట్లో నలుగురు దాటితే చాలు, ఉన్న కారు చిన్నదైపోతుంది. సంక్రాంతికి ఊరెళ్లాలన్నా, తిరుపతి మొక్కు తీర్చుకోవాలన్నా, మేనకోడలి పెళ్లికి పెట్టేబేడాతో బయల్దేరాలన్నా ‘పెద్ద బండి ఉంటే ఎంత బావుండు’ అనిపిస్తుంది. షోరూములో కొత్త ఎస్‌యూవీ ధర వింటే గుండె గుభేలుమంటుంది. సరిగ్గా అప్పుడే తెలిసినవాళ్లెవరో ఓ కబురు మోసుకొస్తారు. ‘40 లక్షల బండి అన్నా, 10 లక్షలకే వస్తోంది. డాక్టరుగారు వాడింది. గీత కూడా పడలేదు’ అని.

అంతే, ఇంట్లో సందడి మొదలవుతుంది. పిల్లలు సన్‌రూఫ్ ఉందా అని అడుగుతారు. తాతగారు ముందు సీటు తనదేనంటారు. ఆ 10 లక్షలు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. నిజానికి అడగాల్సిన ప్రశ్న అది కాదు. 10 లక్షలకు కొన్నాక, 40 లక్షల బండిని మనం పోషించగలమా అన్నది.

‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని పెద్దలు ఊరికే అనలేదు.

ధర పడింది... ఖర్చు పడలేదు

వయసు పెరిగేకొద్దీ ఏ బండి ధరైనా తగ్గుతుంది. ఖరీదైన బండ్ల ధరైతే జారుడుబండ మీద నుంచి జారినట్టు జారుతుంది. కారణం సులువే. వాటిని కొత్తగా కొనగలిగే స్తోమత ఉన్నవారు పాతవి కొనరు. పాతవి కొనాలనుకునేవారిలో వాటి సంగతి తెలిసినవారు దగ్గరికి రారు. ఆ తక్కువ ధర మనకు దక్కిన అదృష్టం కాదు. రాబోయే మరమ్మతుల బిల్లును మార్కెట్ ముందే లెక్కగట్టి, అంత మేరకు ధర తగ్గించిందన్నమాట.

బండి ధర పావు వంతుకు పడిపోయినా, దానికి వేసే టైరు ధర పావు వంతుకు రాదు. 18, 19 అంగుళాల చక్రాలుండే పెద్ద బండికి ఒక్కో టైరూ 15 వేలు, 20 వేలు దాటడం మామూలే. నాలుగూ ఒకేసారి మార్చాల్సి వస్తే ఒక నెల జీతం అటే. డీజిల్ బండిలో టర్బో, ఇంజెక్టర్లు, ఆటోమేటిక్ బండిలో గేర్‌బాక్సు, నాలుగు చక్రాలూ తిరిగే బండిలో ఆ శక్తిని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, కొన్ని ఖరీదైన వాటిలో స్ప్రింగుల బదులు ఉండే గాలి సస్పెన్షన్... వీటిలో ఏది మొరాయించినా బిల్లు వేలల్లో ఆగదు.

ఇంధనం సంగతీ చూద్దాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారనుకోండి. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే చిన్న కారుకు 56 లీటర్లు చాలు. 10 కిలోమీటర్లిచ్చే పెద్ద బండికి 100 లీటర్లు కావాలి. లెక్క తేలిగ్గా ఉండేందుకు లీటరు 100 రూపాయలనుకుంటే నెలకు 4,400 రూపాయల తేడా. ఏడాదికి 50 వేలు దాటింది. బండికి ఏ జబ్బూ లేకపోతే ఉండే ఖర్చిది!

కంపెనీ సంగతి కూడా చూసుకోవాలి. జనరల్ మోటార్స్ 2017 చివరికల్లా మన దేశంలో షెవర్లే కార్ల అమ్మకం ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు కొనసాగిస్తామని రెండూ అప్పట్లో చెప్పాయి. ఆ బండ్లన్నీ చెడ్డవని కాదు. కానీ మీరుండే పట్నంలో ఆ బండిని విప్పి బిగించగలిగే మెకానిక్కు ఉన్నాడా? అద్దం పగిలితే ఎన్నాళ్లలో వస్తుంది? ముందు రెండు ఫోన్లు చేసి కనుక్కుంటే పోయేదేమీ లేదు. సొంతూళ్లో బాగుచేసేవాళ్లు లేని బండి ఎంత గొప్పదైనా, చెడిపోయిన రోజు వాకిట్లో ఇనప సామానే.

ఏడు సీట్లు... ఒక పేరు

పల్నాడులో నాకు తెలిసిన ఉపాధ్యాయ దంపతులున్నారు. తొమ్మిదేళ్ల వయసున్న విదేశీ కంపెనీ డీజిల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీని 9 లక్షలకు కొన్నారు. మీటరు మీద 70 వేల కిలోమీటర్లు. లోపల తోలు సీట్లు తళతళలాడుతున్నాయి. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కోసం బ్యాంకులో వేసిన డిపాజిట్ తీసి, మిగతాది అప్పు చేశారు. అమ్మాయి కాలేజీలో చేరడానికి ఇంకా రెండేళ్లుంది, ఈలోగా సర్దుకోవచ్చనుకున్నారు.

అయిదో నెలలో శ్రీశైలం బయల్దేరారు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుండగా బండి జర్కులివ్వడం మొదలుపెట్టింది. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. కాస్త దూరం వెళ్లాక గేరు పడలేదు. చుట్టూ నల్లమల అడవి. బండిలో పెద్దావిడ, ఇద్దరు పిల్లలు. అటుగా వచ్చిన బస్సులో కుటుంబాన్ని ఎక్కించి, మాస్టారు ఒక్కరే సాయంత్రం దాకా బండి దగ్గర ఉండిపోయారు. దాన్ని లాక్కుంటూ గుంటూరు చేర్చడానికే వేలయ్యాయి. గేర్‌బాక్సు పోయిందని తేలింది. మరమ్మతుకు 3 లక్షలకు పైగా అన్నారు. సామాను రావడానికి మూడు వారాలు.

షెడ్డులో మెకానిక్కు అన్నమాట ఆయన ఇప్పటికీ చెబుతుంటారు. ‘మాస్టారూ, కొనకముందు ఒక్కసారి తెచ్చి చూపించాల్సిందండీ. ఓ వెయ్యి రూపాయలతో తేలిపోయేది. ఈ బండి మీటరు చూపిస్తున్నదానికి రెట్టింపు తిరిగిందండీ’ అన్నాడట. బాగుచేయించి అమ్మితే చేతికొచ్చింది 5 లక్షలు. డిపాజిట్ పోయింది, అప్పు మిగిలింది. అమ్మాయి ఫీజుకు మళ్లీ పీఎఫ్ లోను పెట్టారు. ‘మనకు కావాల్సింది ఏడు సీట్లు. మనం కొన్నది ఒక పేరు’ అంది ఆయన భార్య. ఇంతకంటే క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు.

ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయి?

చవక బండి కనిపిస్తే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలి. మన ఊళ్లకు ఇలాంటివి ముఖ్యంగా మూడు దారుల్లో చేరుతున్నాయి.

మొదటిది దిల్లీ దారి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు దిల్లీ పరిసరాల్లో తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. దాంతో అక్కడి డీజిల్ ఎస్‌యూవీలు చవగ్గా ఇతర రాష్ట్రాలకు రావడం మొదలైంది. 2025లో సుప్రీంకోర్టు కొంత ఊరటనిచ్చినా, ఆ వ్యాపారం అప్పటికే వేళ్లూనుకుంది. అలా వచ్చినవన్నీ పాడైపోయినవే కావు. కానీ ధర చెప్పేటప్పుడు ఇక్కడ కట్టాల్సిన జీవితకాల పన్ను గురించి అమ్మేవారు నోరెత్తరు. వేరే రాష్ట్రం బండిని మన దగ్గర 12 నెలలకు మించి ఉంచుకుంటే, ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం రావాలి, ఇక్కడ పన్ను కట్టాలి. ఖరీదైన బండికి ఆ పన్నే బేరంలో మిగిలిందనుకున్న సొమ్మును తినేస్తుంది. ముందే ఆర్టీఏ కార్యాలయంలో లెక్క అడగండి.

రెండోది వరద దారి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ. ఈ వరదల్లో సెల్లార్లలో మునిగిన కార్లెన్నో. ఇలా మునిగినవాటిని బీమా కంపెనీలు పూర్తి నష్టం కింద తేల్చి వేలంలో అమ్మేస్తుంటాయి. వాటిలో కొన్ని కడిగి, తుడిచి, అత్తరు కొట్టి మళ్లీ మార్కెట్లోకి వస్తాయి. బండి స్టార్టవుతుంది, నడుస్తుంది. లోపల వైర్ల చివర్లు మాత్రం నెమ్మదిగా తుప్పుపడుతుంటాయి. ఒక రోజు అద్దం దిగదు, ఇంకో రోజు బ్రేకు హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఏ మెకానిక్కుకూ అంతుచిక్కని జబ్బిది.

మూడోది ట్యాక్సీ దారి. పసుపు ప్లేటుతో రాత్రింబవళ్లు తిరిగిన ఏడు సీట్ల బండి తెల్ల ప్లేటుకు మారి ‘ఫ్యామిలీ వాడిన బండి’గా తిరిగొస్తుంది. ఇక్కడో చిత్రం ఉంది. మీ ఊళ్లో ట్యాక్సీలుగా ఎక్కువ తిరిగే మోడల్ ఏదో చూసి, అదే కొనుక్కోవడం తెలివైన పని. ఎందుకంటే బండి ఆగితే పూట గడవని డ్రైవర్లు మొండిది, చవగ్గా బాగయ్యేది ఏరుకుంటారు. కొనాల్సింది ఆ మోడల్‌ని. ట్యాక్సీగా తిరిగిన బండిని కాదు.

మీటరు మాట మీటరుదే

ఒకప్పుడు మీటరు విప్పి, అంకెలు వెనక్కి తిప్పేవారు. ఇప్పుడు చిన్న పరికరం తగిలించి నిమిషాల్లో మార్చేస్తున్నారు. కాబట్టి మీటరును నమ్మొద్దు, దాని చుట్టూ ఉన్న సాక్షుల్ని అడగండి. బ్రేకు, క్లచ్ పెడల్ మీది రబ్బరు అరిగి నున్నబడిందా? స్టీరింగ్ తోలు మెరుస్తోందా? డ్రైవర్ సీటు అంచు కుంగిందా? మీటరు మీద 40 వేలుండి ఇవన్నీ అరిగిపోతే ఎవరో అబద్ధం చెబుతున్నట్టే. టైరు పక్కన నాలుగంకెల తయారీ సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. టైర్లు బండితో పాటు వచ్చినవేనంటారు, టైరు మీద ఏడాది బండి కంటే నాలుగేళ్లు తర్వాతిది ఉంటుంది. అప్పుడు ఆ మీటరు లెక్క ఏమిటో అడగాలి.

అన్నింటికన్నా మంచి సాక్షి కంపెనీ సర్వీసు రికార్డు. బండి నంబరుతో సర్వీసు సెంటరుకు వెళితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో వాళ్ల దగ్గర ఉంటుంది. యజమాని చేతే అడిగించండి. ‘బయట చేయించాం, బిల్లులు లేవు’ అంటే ఆ మేరకు ధర తగ్గాలి. లేదా మీరు తప్పుకోవాలి.

సంతలో ఎద్దును చూసినట్టు

మన తాతలు సంతలో ఎద్దును ఎలా కొనేవారు? పళ్లు లెక్కపెట్టేవారు, సుడులు చూసేవారు, నాలుగడుగులు నడిపించేవారు. ఊళ్లో బాగా తెలిసిన మనిషిని వెంటబెట్టుకెళ్లేవారు. అంతకు పదింతలు డబ్బు పెట్టే బండిని మాత్రం మనం రంగు చూసి కొంటున్నాం.

బండిని ఉదయాన్నే, పగటి వెలుతురులో, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మీరు వెళ్లేసరికే ఇంజిను వేడెక్కి ఉంటే, స్టార్టింగ్ ఇబ్బంది దాస్తున్నారేమోనని అనుమానించాలి. స్టార్ట్ చేశాక పొగ గమనించండి. నీలి పొగైతే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి చేరుతోందేమో చూడాలి. ఆయిల్ మూత అడుగున పెరుగులా తెల్లటి జిగురు కనిపిస్తే, మరో మాట లేకుండా వెనక్కి వచ్చేయండి.

తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఇంజిను, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ దీపాలు ఒకసారి వెలిగి ఆరాలి. వెలిగి ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా ప్రమాదం. లోపం కనిపించకుండా ఆ దీపాన్నే తీసేసి ఉండొచ్చు. ప్రమాదంలో ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగును మార్చకుండా, పైన మూత మాత్రం బిగించి అమ్మేవారూ ఉన్నారు. మీ పిల్లలు కూర్చునే బండి అది. కాబట్టి ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. చివర్లో బురద చార ఉంటే మునిగిన బండే. స్టెప్నీ ఉండే గుంటలో ఇసుక, తుప్పు ఉన్నాయేమో తడిమి చూడండి. అన్ని అద్దాల మీదా ఒకే కంపెనీ గుర్తు, దగ్గర దగ్గర ఏడాదే ఉండాలి. బానెట్ బోల్టుల రంగు చెదిరిందంటే అవి విప్పారన్నమాట. ఎందుకు విప్పారో అడగండి.

తర్వాత కనీసం అరగంట నడపండి. గతుకుల దారిలో, ఫ్లైఓవరు మీద, ట్రాఫిక్‌లో. నాలుగు చక్రాల డ్రైవ్ ఉంటే మట్టి దారిలో వేయించి చూడండి. ఏళ్ల తరబడి ఎవరూ వాడక బిగుసుకుపోయినవి చాలా ఉంటాయి. టైమింగ్ బెల్టు ఉండే ఇంజినైతే దాన్ని ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. గడువు దాటిన బెల్టు నడిరోడ్డు మీద తెగితే ఇంజినే పోవచ్చు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్ల విషయంలో మరో సంగతి. వీటి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అప్పుడప్పుడూ హైవే మీద కాసేపు ఏకబిగిన నడిస్తేనే ఆ మసి కాలి శుభ్రపడుతుంది. రోజూ బడికీ కూరగాయలకీ రెండు కిలోమీటర్లు తిరిగితే ఫిల్టరు మూసుకుపోతుంది. అలాంటి ఇంటికి డీజిల్ ఎస్‌యూవీ కొత్తదైనా తలనొప్పే, పాతదైతే చెప్పనక్కర్లేదు.

చివరగా, అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్కుకు డబ్బులిచ్చి చూపించండి. స్కానర్ తగిలిస్తే కంప్యూటరులో దాగిన లోపాలు బయటపడతాయి. ఆ కాస్త రుసుము దగ్గర వెనకాడితే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే. ‘మెకానిక్కుకు చూపించడానికి కుదరదు’ అని అమ్మేవారు అన్నారా? మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

కాగితం బలం

బండి బాగుంటే సరిపోదు, కాగితం కూడా బాగుండాలి. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూడండి. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే అప్పు తీరినట్టు పత్రం, ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి సొమ్ము ఇవ్వొద్దు. చలాన్లు ఎన్ని బాకీ ఉన్నాయో బండి నంబరు కొట్టి చూడండి.

బీమా పాలసీ మీద ‘నో క్లెయిమ్ బోనస్’ ఎంతుందో గమనించండి. క్లెయిమ్ లేని ఏడాదికేడాదీ అది పెరుగుతూ 50 శాతం దాకా వెళుతుంది. ‘ఒక్క గీత పడలేదు’ అంటున్న బండి పాలసీలో బోనస్ సున్నా ఉంటే ఎందుకని అడగండి. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. మీకు బదిలీ కాదు.

రాష్ట్రంలోనే కొంటే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి, కొన్నవారు 30 రోజుల్లోగా పేరు మార్పించుకోవాలి. బీమాను 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి. ‘తర్వాత చూద్దాంలే’ అంటే ఈలోగా ఏదైనా జరిగినప్పుడు మీ బండి నష్టానికి మీకు పైసా రాకపోవచ్చు. అమ్మేవారికీ ఇది ముఖ్యమే. ఆర్‌సీలో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. డీలరు దగ్గర కొంటున్నారా? పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. అది చూపించమనండి. నోటితో ఇచ్చే గ్యారంటీ దుకాణం గడప దాటదు, బిల్లు మీద రాయించుకోండి.

బుల్ బార్, నల్ల ఫిల్మ్ చూసి మురిసిపోకండి. నల్ల ఫిల్మును 2012లో సుప్రీంకోర్టు, బుల్ బార్లను 2017లో కేంద్రం వద్దన్నాయి. అవి మీకు అలంకారం కాదు, చలానా.

నిజంగా కావాలా?

ఇన్నీ చూశాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఏడాదిలో ఏడు సీట్లూ నిండేది ఎన్నిసార్లు? సంక్రాంతికోసారి, తిరుపతికోసారి, ఓ రెండు పెళ్లిళ్లు. ఆ నాలుగు ప్రయాణాలకూ డ్రైవరుతో సహా బండి అద్దెకు తీసుకుంటే అయ్యే ఖర్చు రాసుకోండి. పక్కన పాత ఎస్‌యూవీకి ఏడాదికయ్యే బీమా, సర్వీసు, టైర్లు, అదనపు డీజిల్, అప్పు మీద వడ్డీ రాయండి. చాలా ఇళ్లలో అద్దె బండే గెలుస్తుంది.

కొనాల్సిందేననుకుంటే ఇంకో పోలిక చెయ్యండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కార్ల పన్ను మారింది. సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్న పెద్ద ఎస్‌యూవీల పన్ను 40 శాతానికి, చిన్నవాటిది 18 శాతానికి దిగింది. అమ్మేవారు తాము కొన్ననాటి ధర చెప్పి, అందులో సగమే అడుగుతున్నామంటారు. మీరు ఈనాటి కొత్త ధరతో పోల్చండి. పేరున్న పాత బండి సొమ్ముతోనే వారంటీ ఉన్న కొత్త చిన్న ఎస్‌యూవీ వస్తుందేమో చూడండి.

బయానా ఇచ్చేముందు

• బండి ధరలో కనీసం అయిదో వంతు మరమ్మతుల కోసం విడిగా ఉంచుకున్నాకే బేరానికి దిగండి. అంత లేకపోతే చిన్న బండి చూడండి.

• నాలుగు టైర్లు, బ్యాటరీ, క్లచ్ లేదా గేర్‌బాక్సు, ఒక సర్వీసు... వీటి ధరలు ముందే కనుక్కోండి.

• ‘ఇంకొకరు అడ్వాన్స్ ఇచ్చేస్తున్నారు, ఈరోజే తేల్చండి’ అంటే ఇవ్వనివ్వండి.

• చదువు, వైద్యం కోసం దాచిన డబ్బు బండికి పెట్టొద్దు. బండి విలువ రోజూ తరుగుతుంది, ఫీజు ఏటా పెరుగుతుంది.

• నచ్చిన రోజు బయానా ఇవ్వొద్దు. ఒక రాత్రి గడవనివ్వండి. తెల్లారాక కూడా లెక్క కుదిరితే అప్పుడు తాళాలు అడగండి.